మా మొదటి రోబోకి బేస్ కట్టిన ఐదు నెలలు

సెప్టెంబరు 7న ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే విద్యార్థుల రోబో పోటీ కొత్త సీజన్ ఆట ప్రకటించారు. ఫిబ్రవరి 8న మేం చివరి మ్యాచ్ ఆడాం. ఆ ఐదు నెలలూ నా పని ఒక్కటే, రోబో కింది భాగం. అంటే చక్రాలు, మోటార్లు, వాటిని పట్టి ఉంచే ఫ్రేము. పుస్తకాల్లో డ్రైవ్‌ట్రెయిన్ అంటారు, మేం బేస్ అనేవాళ్లం. తొమ్మిది మంది జట్టులో అంతకుముందు రోబో ముట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. బేస్ పని నాకూ, నా క్లాసు వాళ్లే ఇంకో ఇద్దరికీ వచ్చింది. రోజూ ఏం చేశామో నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్లం కాబట్టి తేదీలు సరిగ్గానే ఉన్నాయి. వచ్చే ఏడాది కొత్తగా దిగే జట్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి పన్నెండు రోజులు వాదనలకే పోయాయి. ఏ చక్రాలు పెట్టాలి అన్నదే గొడవ. ఒకడికి స్వెర్వ్ కావాలి. నాలుగు చక్రాలూ దేనికవే తిరిగే ఆ వీడియోలు చూస్తే ఎవరికైనా మనసు పడుతుంది. కానీ మా పోటీలో మోటార్లు ఎనిమిదికి మించకూడదు. ఒక్కో చక్రాన్ని నడపడానికి ఒకటి, దిశ మార్చడానికి ఒకటి అనుకుంటే ఎనిమిదీ అక్కడే అయిపోతాయి, పైన వస్తువుల్ని ఎత్తే చేతికి ఒక్కటీ మిగలదు. దిశ మార్చడానికి సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్లు, ఆ ఎనిమిదిలోకి రావు) పెట్టే జట్లున్నాయి గానీ అవి చాలా సీజన్లు ఆడిన జట్లు. ఇంకొకమ్మాయి మామూలు రబ్బరు చక్రాలు చాలంది. నేను మెకానమ్ అన్నాను. చక్రం చుట్టూ 45 డిగ్రీల వాలులో చిన్న చిన్న రోలర్లుంటాయి, రోబో ముందుకీ వెనక్కీ పోవడమే కాకుండా పక్కకి కూడా జరుగుతుంది. నాకు తెలిసింది అంతే. అంత మాత్రం తెలిసి అంత గట్టిగా వాదించినందుకు ఇప్పుడు బాధగా ఉంది, ఎందుకంటే ఆ పన్నెండు రోజులు ఆఖర్లో మాకు చాలా అవసరమయ్యాయి.

సెప్టెంబరు 19న నాలుగు సీజన్లు ఆడిన వేరే జట్టు నుంచి ఒక అక్క వచ్చింది. మా బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి ఒక్క ప్రశ్న అడిగింది: "ఈ చక్రం పాడైతే ఎలా విప్పుతారు?" మా దగ్గర జవాబు లేదు. "విప్పడం గురించి తర్వాత చూస్తాం అక్కా" అన్నాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. నోట్‌బుక్‌లో ఆ ప్రశ్న రాయించి వెళ్లింది. రాశాను. రాసి మరిచిపోయాను.

అదే రోజు ఆమె నేర్పిన లెక్క మాత్రం వెంటనే పనికొచ్చింది. మైదానం ఒక్కో వైపు 12 అడుగులు, అంటే 3.66 మీటర్లు. రోబో తనే 18 అంగుళాలు ఉంటుంది. ఈ గోడ నుంచి ఆ గోడకి పోవాలన్నా 3.2 మీటర్లే. మేం 96 మిల్లీమీటర్ల చక్రం తీసుకున్నాం, దాని చుట్టుకొలత దాదాపు 30 సెంటీమీటర్లు. 312 ఆర్‌పీఎం మోటారుతో భారం లేనప్పుడు సెకనుకి 1.57 మీటర్లు, 435 ఆర్‌పీఎంతో 2.19 మీటర్లు. కాగితం మీద 435 బాగుంది. అయితే పూర్తి వేగం అందుకునేలోపే ఎదురుగా గోడో, ఇంకో రోబోనో ఉంటుంది.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. మన రోబో వేరే రోబోని నెడుతున్నప్పుడు ముందు చక్రం జారాలి గానీ మోటారు బిగుసుకుపోకూడదు. మోటారు ఆగిపోయిందంటే ఒక్కోటి 9.2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ కలిస్తే దాదాపు 37. మా బ్యాటరీ ఫ్యూజు 20 ఆంపియర్లు. రోబో 12 కిలోలు ఉంటుందని, ఘర్షణ గుణకం ఒకటి అని పెట్టుకుని వేశాం. 312 మోటారుకి చక్రం జారే సమయానికి ఆగే టార్క్‌లో (మోటారు ఆగిపోయేముందు ఇవ్వగల గరిష్ఠ తిప్పే బలంలో) అరవై శాతం వాడినట్టయింది, 435కి డెబ్బై ఏడు. పైన చేతిని ఎత్తే మోటారు కూడా అదే బ్యాటరీ మీద బతకాలి. అందుకని 312 తీసుకున్నాం. సీజన్ మొత్తంలో ఒక్కసారి కూడా ఇంకా వేగం ఉంటే బాగుండేదని మా డ్రైవరు అనలేదు.

సెప్టెంబరు 20న ఆర్డరు పెట్టాం. జట్టు దగ్గరున్న డబ్బులో దాదాపు సగం బేస్‌కే పోయింది: మోటార్లు, మెకానమ్ చక్రాలు, అల్యూమినియం ఛానళ్లు, బేరింగులు, షాఫ్టులు (ఇరుసులు). మోటార్లు ఐదు తెప్పించాం, నాలుగు వాడటానికి, ఒకటి అదనంగా. ఆరు తెప్పించాల్సింది, ఎందుకో తర్వాత చెబుతాను. పెద్ద ఖర్చు పోతే పోయింది, చిన్న ఖర్చు మాకు తెలియకుండా వచ్చి పడింది. స్క్రూలు సరిపోయేటన్ని పెట్టుకోలేదు. వాటి కోసమే రెండోసారి ఆర్డరు పెట్టాల్సి వచ్చింది. స్క్రూల ధర కంటే వాటిని తెప్పించే ఖర్చు ఎక్కువైంది.

మొదటి పెట్టె 19 రోజులకి, అక్టోబరు 9న వచ్చింది. తెరిచి చూస్తే చక్రాలు లేవు. అవి వేరే పెట్టెలో ఉన్నాయట, ఇంకో ఎనిమిది రోజులకి వచ్చాయి.

ఆ ఎదురుచూపులో మేం ఖాళీగా కూర్చోలేదు. ఈ సీజన్ మొత్తంలో మేం చేసిన మంచి పని అదే అనుకుంటాను. ఎవరో వాడి వదిలేసిన పాత కిట్ ఒకటి దొరికింది. అందులో నాలుగు మోటార్లు, నాలుగు రబ్బరు చక్రాలు, రెండు ఓమ్నీ చక్రాలు ఉన్నాయి. ప్లైవుడ్ ముక్క మీద మోటార్లు బిగించి ఒక బేస్ కట్టాం. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 40 సెంటీమీటర్లు, కుడి ఎడమల మధ్య 28. ముందుకి చక్కగా పోయింది. తిప్పితే మాత్రం తిరగలేదు. మైదానంలో పరిచే ఫోమ్ టైలు మీద గొర్రెపిల్ల గెంతినట్టు గెంతింది. మోటార్లు మూలిగాయి, టైలు అంచు లేచిపోయింది.

ఎందుకలా అయిందో అర్థం కావడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది. రోబో ఉన్నచోటనే తిరగాలంటే నాలుగు మూలల్లోని చక్రాలూ కొంత పక్కకి ఈడ్చుకుపోవాలి. రబ్బరు చక్రం పక్కకి జారదు, నేలని పట్టుకుంటుంది. పొడవు ఎక్కువై వెడల్పు తక్కువైతే ఆ ఈడ్పు మరీ ఎక్కువ. వెనక రెండు చక్రాలు తీసి ఓమ్నీలు పెట్టాం. వాటి చుట్టూ ఉండే చిన్న రోలర్లు పక్కకి దొర్లుతాయి. అంతే, బొంగరంలా తిరిగింది. అప్పటిదాకా చక్రాల గురించి చదివిందంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మార్పు తర్వాత చేతిలో కంట్రోలరు పట్టుకుని చూసింది ఒక ఎత్తు. ఆరు చక్రాల బేస్‌లో మధ్య చక్రాలని రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి ఎందుకు దింపుతారో కూడా అప్పుడే తెలిసింది. ఆరూ ఒకేసారి నేలని పట్టకుండా, తిరిగేటప్పుడు పొట్టి బేస్‌లా నడవడానికి. మెకానమ్‌కి సరిపడా డబ్బు లేని జట్టు దిగులు పడక్కర్లేదు. ఈ రెండు పద్ధతుల్లో ఏదైనా పోటీకి నిలుస్తుంది. నెట్టుడులో అయితే మెకానమ్ కంటే గట్టిగా నిలుస్తుంది కూడా.

అక్టోబరు 17న చక్రాలు చేతికొచ్చాయి. మూడు రోజుల్లో బిగించేశాం. అందులో రెండో రోజు ఒక హబ్, అంటే చక్రాన్ని షాఫ్టుకి కలిపే ముక్క, పోయింది. పాత కిట్‌తో పాటు వచ్చిన స్క్రూల డబ్బా మా కొత్త స్క్రూల్లో కలిసిపోయింది. కొత్తవి ఎం4, అంటే 4 మిల్లీమీటర్ల మందం. పాతవాటిలో 8-32 అనే అంగుళాల కొలత స్క్రూలున్నాయి. వాటి మందం 4.17 మిల్లీమీటర్లు, కంటితో చూస్తే ఎం4కీ దానికీ తేడా తెలియదు. ఎం4 మరలో చుట్టుకీ చుట్టుకీ మధ్య 0.7 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది, దీనిలో 0.79. మొదటి చుట్టు ఎక్కింది, రెండో చుట్టు బిగిసింది. కొత్త హబ్ కదా, బిగుతుగా ఉంటుందిలే అని అలెన్ కీతో బలంగా తిప్పాను. హబ్ లోపలి మర మొత్తం గీసుకుపోయి వెండిరంగు పొడి రాలింది. ఆ పొడి అరచేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాతి రోజు పాత డబ్బాని ఎవరికీ అందకుండా పై అరలో పెట్టేశాం. వేలితో కనీసం మూడు చుట్లు సులువుగా ఎక్కని స్క్రూకి అలెన్ కీ పెట్టకూడదని బల్ల మీద రాసి అతికించాం.

అక్టోబరు 20, ఆదివారం సాయంత్రం మొదటిసారి కరెంటిచ్చాం. ముందుకి పోయింది. పక్కకి కూడా పోయింది! అందరం అరిచాం. అప్పుడు డ్రైవరు తిప్పబోయాడు. చక్రాలు తిరుగుతున్నాయి, రోబో మాత్రం ఉన్నచోటే అటూ ఇటూ వణుకుతోంది. ప్రోగ్రాములో తప్పనుకుని మా ప్రోగ్రామరు రాత్రి తొమ్మిదింటిదాకా కోడ్ తిరగేసింది. తప్పు ఆమెది కాదు, మాది. మెకానమ్ చక్రాల్లో కుడివీ ఎడమవీ వేరు. పైనుంచి చూస్తే నాలుగు చక్రాల మీది రోలర్ల వాలు కలిసి గుణకారం గుర్తులా కనిపించాలి, ప్రతి చక్రం మీది వాలూ రోబో మధ్యకి చూడాలి. మేం ముందువి వెనకా, వెనకవి ముందూ పెట్టేశాం. పైనుంచి చూస్తే వజ్రం ఆకారం వచ్చింది. అలా పెడితే నేల దగ్గర ప్రతి చక్రం తోసే తోపు సరిగ్గా రోబో కేంద్రం గుండా పోతుంది, ఇక తిప్పే బలం ఎక్కడిది? ముందుకి మాత్రం మామూలుగానే పోతుంది, పక్కకి కూడా జరుగుతుంది, కాకపోతే కుడి ఎడమలు తారుమారవుతాయి. అది గమనించకపోతే అనుమానం రాదు. చక్రాలు మార్చడానికి గంటన్నర పట్టింది. అక్క అడిగిన ప్రశ్న అప్పుడైనా గుర్తుకు రావాల్సింది.

ఆ వారమంతా ఇంకో బాధ. నేరుగా పొమ్మంటే రోబో ఎడమకి లాగుతోంది. మోటార్లు అటూ ఇటూ మార్చాం, ఏం తేడా రాలేదు. చివరికి మా సర్ వచ్చి ఒక కాగితం ముక్క తీసుకుని ఒక్కో చక్రం కిందికి తోశారు. మూడు చక్రాల కింద కాగితం ఆగిపోయింది, వెనక ఎడమ చక్రం కింద మాత్రం ఇటు నుంచి అటు జారిపోయింది. ఆ చక్రం నేలని సరిగ్గా తాకడమే లేదు. ఫ్రేము మెలితిరిగి ఉంది. మెకానమ్‌లో నాలుగు చక్రాల తోపులూ కలిస్తేనే దిశ వస్తుంది, ఒకటి తేలిపోతే లెక్క మొత్తం తప్పుతుంది. మేం ఫ్రేముని ఒళ్లో పెట్టుకుని, చేతికందిన స్క్రూ అందినట్టు బిగించాం మరి.

అన్ని స్క్రూలూ అరచుట్టు వదులు చేసి, చదునైన బల్ల మీద పెట్టి, మూల నుంచి మూలకి రెండు వైపులా కొలిచాం. ఒక కర్ణం 4 మిల్లీమీటర్లు ఎక్కువుంది. రెండూ సమానమయ్యేదాకా అరచేతితో తట్టి, ఒకరు పైనుంచి నొక్కి పట్టుకుంటే ఇంకొకరు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాం. అక్టోబరు 27కి నేరుగా పోయింది. ఈ పని మొదటిరోజే చేసి ఉంటే అరగంట పని.

నవంబరు 3న చేతి జట్టు వాళ్లు, అంటే మాలోనే రోబో చేయి కట్టేవాళ్లు, తమ భాగం తెచ్చి మా బేస్ మీద కూర్చోబెట్టారు. చాలా అందంగా ఉంది. వైర్లు, కంట్రోల్ హబ్ (రోబోని నడిపే కంప్యూటరు పెట్టె), చేయి, గ్రిప్పరు అన్నీ కలిసి మా మోటార్లని పూర్తిగా కప్పేశాయి. ఎవరికీ అభ్యంతరం లేదు, నాకు కూడా. అప్పటికి బేస్ అయిపోయినట్టే అనుకున్నాం.

నవంబరు 9న ప్రాక్టీసులో 'టిక్' అని ఒక చప్పుడు వినిపించింది. దిశ మార్చినప్పుడల్లా ఒక్కసారి, అంతే. డ్రైవరు అన్నాడు, "ఒరేయ్, ఏదో చప్పుడొస్తోందిరా." విన్నాను. మోటారు విప్పి చూడాలంటే చేయి మొత్తం తీయాలి. పోటీకి రెండు వారాలే ఉంది, చేతి జట్టు వాళ్లు పూటపూటా పని చేస్తున్నారు. అడగడానికి మొహమాటపడ్డాను. ఆ మొహమాటానికి మా జట్టంతా ఫలితం అనుభవించింది.

నవంబరు 23న మా మొదటి మీట్, అంటే మొదటి పోటీ. ఉదయం ఎనిమిదికి తనిఖీ. రోబోని కొలత పెట్టెలో దించితే దిగలేదు. క్యాడ్‌లో, అంటే కంప్యూటరు బొమ్మలో, మేం ఫ్రేముని కచ్చితంగా 18 అంగుళాలకి గీశాం. ఆ ఫ్రేము బయటికి పొడుచుకొచ్చిన స్క్రూ తలల్ని లెక్కలో వేయలేదు. ఒక్కోవైపు 2 మిల్లీమీటర్లు. ఆ స్క్రూలు విప్పి, చదును తల స్క్రూలతో మళ్లీ బిగించి, నలభై నిమిషాల తర్వాత దింపాం. పక్క జట్టు వాళ్లు అడగకుండానే తమ స్క్రూల పెట్టె మా బల్ల మీద పెట్టి వెళ్లారు. ఆ పెట్టె లేకపోతే మొదటి మ్యాచ్ కూడా లేదు.

మొదటి మ్యాచ్ బాగానే ఆడాం. రెండో మ్యాచ్‌లో, 30 సెకన్ల ఆటోనమస్ (రోబో తన ప్రోగ్రాముతో తనే ఆడే భాగం) అయిపోయి డ్రైవరు కంట్రోలరు తీసుకున్న ఇరవై సెకన్లకి, రోబో ఉన్నట్టుండి ఒక మూల చుట్టూ గిరగిర తిరగడం మొదలుపెట్టింది. మెకానమ్ బేస్‌లో ఒక చక్రం పోతే మిగతా మూడూ దాన్ని మొయ్యవు, ఏ మీట నొక్కినా రోబో మెలికలు తిరుగుతుంది. ఇంకా నిమిషం నలభై సెకన్లుంది. మ్యాచ్‌లో మా వైపు ఆడే భాగస్వామి జట్టు ఒంటరిగా ఆడుతుంటే మేం గోడ పక్కన నిలబడి చూశాం. ఆ నిమిషం నలభై సెకన్లు నేను తల ఎత్తలేదు.

పిట్‌కి, అంటే రోబోని బాగుచేసుకునే మా చోటికి, తెచ్చి తిరగేశాం. ముందు కుడి మోటారు తిరుగుతోంది, చక్రం తిరగడం లేదు. హబ్‌ని షాఫ్టుకి పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) వదులైపోయింది. షాఫ్టు మీద ఒకవైపు చదునుగా ఉండే భాగం అంచు అరిగిపోయి గుండ్రంగా మారింది. రెండు వారాలుగా మేం వింటున్న 'టిక్' అదే. స్క్రూ కొంచెం కొంచెం వదులై, దిశ మారినప్పుడల్లా షాఫ్టు లోపల కొట్టుకుంటోంది. మోటారు షాఫ్టే అరిగింది కాబట్టి మోటారు మార్చాలి. అదనంగా ఉన్న ఐదో మోటారు వాడేశాం. పనిలో పనిగా వెనక కుడిది చూస్తే అదీ అరగడం మొదలైంది. ఆరో మోటారు లేదు.

మోటారు మార్చడానికి మామూలుగా పది నిమిషాల పని. మాకు 50 నిమిషాలు పట్టింది, ఎందుకంటే ముందు చేయి తీయాలి, అంతకుముందు వైర్లు తీయాలి, ఏ వైరు ఎక్కడిదో రాసుకోవాలి. మూడో మ్యాచ్‌కి పిలిచారు. మేం వెళ్లలేకపోయాం. మైదానంలో మా చోటు ఖాళీగా ఉంది, మాతో ఆడాల్సిన జట్టు మా వైపు చూస్తోంది. చేతి జట్టు అమ్మాయి ఏమీ అనకుండా తన రెండు నెలల పనిని తన చేత్తోనే విప్పుతోంది. ఆమె తిట్టి ఉంటే కొంత తేలికగా ఉండేది.

ఇంటికి వెళ్లాక నోట్‌బుక్ తీశాను. సెప్టెంబరు 19 పేజీ. "ఈ చక్రం పాడైతే ఎలా విప్పుతారు?" నా చేతిరాతే.

నవంబరు 25న తొమ్మిదిమందిమీ కూర్చున్నాం. బేస్ మళ్లీ కడతామని అడగడానికి నాకు భయం వేసింది. మూడు వారాలు చేతి మీద ఎవరూ పని చేయలేరు. అయినా అడిగాను. ఈసారి మొహమాటపడలేదు. చేతి జట్టు అమ్మాయి ఒక షరతు పెట్టింది: "నా చేయి నాలుగు స్క్రూలతో ఊడి రావాలి, నాలుగు స్క్రూలతో ఎక్కాలి." అది మాకు మంచి షరతు.

కొత్త బేస్‌లో మారినవి ఇవి. గ్రబ్ స్క్రూతో బిగించే హబ్‌ల బదులు షాఫ్టుని చుట్టూ పట్టి నొక్కే క్లాంప్ హబ్‌లు పెట్టాం. స్క్రూ మొన ఒక చోట నొక్కడం కాదు, హబ్ మొత్తం షాఫ్టుని కౌగిలించుకుంటుంది. ప్రతి స్క్రూకి నీలంరంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేశాం. ప్లాస్టిక్‌కి అది తగలకూడదు, పగుళ్లొస్తాయి, అందుకని ముందే విప్పి, తుడిచి, విడిగా వేశాం. చక్రం బయటివైపు నుంచి నాలుగు స్క్రూలు తీస్తే ఊడొచ్చేలా పెట్టాం. మోటారు బిగించే స్క్రూలకి ఎదురుగా బయటి ఛానల్‌లో అలెన్ కీ దూరేంత రంధ్రం వేశాం. ఫ్రేము వెడల్పు 17 అంగుళాలకి తగ్గించాం. మోటారు వైర్లని కనెక్టరు నుంచి నాలుగు వేళ్ల దూరంలో ఫ్రేముకి కట్టేశాం, ఎవరైనా లాగినా బలం కనెక్టరు మీద పడకుండా. ప్రతి వైరుకీ రెండు చివర్లా ఒకే రంగు టేపు.

ఆ తర్వాత చేసిన పని చాలా చిన్నది, నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది. తెల్ల పెయింట్ మార్కరుతో ప్రతి షాఫ్టు మీది నుంచి హబ్ మీదికి ఒక సన్నటి గీత గీశాం. షాఫ్టూ హబ్బూ కలిసి ఉన్నంతకాలం అది ఒకే గీత. వెంట్రుకవాసి జారినా గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఏమీ విప్పకుండా, టార్చి లైటు వేసి చూస్తే చాలు. ప్రతి మ్యాచ్ తర్వాతా చూసేవాళ్లం, పది సెకన్ల పని.

డిసెంబరు 15కి బేస్ లేచింది. చేయి ఎక్కించాక ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చక్రం మార్చడం సాధన చేశాం. మొదటిసారి 11 నిమిషాలు. మర్నాడు 7. జనవరి మొదటి వారానికి 4 నిమిషాల్లోపు. మోటారుతో సహా అయితే 9. ఎవరు రోబో పట్టుకోవాలి, ఎవరు స్క్రూలు అందుకోవాలి, ఎవరి చేతిలో ఏ అలెన్ కీ ఉండాలి అన్నీ ముందే అనుకున్నాం. స్క్రూలు నేల మీద పడితే వెతకడానికే రెండు నిమిషాలు పోతాయి, అందుకని అయస్కాంతం ఉన్న పళ్లెం ఒకటి తెచ్చాం.

పరీక్షల వల్ల రెండు వారాలు పోయాయి. మిగిలిన రోజుల్లో డ్రైవరు మొత్తం 22 గంటలు నడిపాడు. నవంబరు మీట్‌కి ముందు ఎంత నడిపాడో లెక్క చూస్తే మూడు గంటలు కూడా లేదు. నడిపితేనే బయటపడేవి చాలా ఉన్నాయి. చేయి పైకెత్తి వేగంగా పోయి ఆపితే రోబో ముందుకి తూలి పడిపోయింది. జనవరి 11న రెండుసార్లు. బరువు పైకి పోయినకొద్దీ ఆపేటప్పుడు ముందు చక్రాల మీద తిరగబడుతుంది. బ్యాటరీని ఫ్రేము అడుగుకి దించి వెనక్కి జరిపాం. చేయి ఎత్తి ఉన్నప్పుడు వేగం సగానికి మించకుండా ప్రోగ్రాములో కట్టడి పెట్టాం.

బ్యాటరీ గురించి ఎవరూ ముందు చెప్పరు, నేను చెబుతాను. 12 వోల్టుల, 3000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండే కొన్నాం. ఒక్కోటి నిండడానికి మా ఛార్జరుతో దాదాపు రెండు గంటలు. నడిపేది ఇరవై నిమిషాలు, ఎదురుచూసేది గంటన్నర. డ్రైవరు ఆ గంటన్నర ఊరికే కూర్చునేవాడు. జనవరిలో ఇంకో రెండు కొన్నాక ప్రాక్టీసు మూడింతలైంది. ఆ డబ్బు సెప్టెంబరులోనే పక్కన పెట్టి ఉండాల్సింది. అలాగే ఆటోనమస్ ప్రోగ్రాము సగం ఛార్జి ఉన్న బ్యాటరీతో సరిచేసి, నిండు బ్యాటరీతో ఆడితే రోబో గురి దాటి పోతుంది. మా ప్రోగ్రామరు ఆ తేడాతో మూడు సాయంత్రాలు పోరాడింది.

ఆమెకి ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఎన్‌కోడరు (మోటారు ఎంత తిరిగిందో కొలిచేది) లెక్క ప్రకారం ఒక టైలు, అంటే 61 సెంటీమీటర్లు ముందుకి పొమ్మంటే సరిగ్గా పోయేది. అదే 61 పక్కకి పొమ్మంటే 53 దగ్గర ఆగేది. పక్కకి జరిగేటప్పుడు రోలర్లు కొంత జారతాయి, చక్రం తిరిగినంతా నడక కాదు. రోజూ కొలిచి ఒక గుణకం పెట్టింది. చివరికి ఆటోనమస్‌లో పక్కకి జరగడమే తగ్గించి, వీలైనచోటల్లా తిరిగి ముందుకే పోయేలా రాసింది. అది నాకు సరైన నిర్ణయం అనిపించింది.

ఫిబ్రవరి 8. కొలత పెట్టెలో రోబో తేలిగ్గా దిగింది, చుట్టూ వేలు పట్టేంత ఖాళీ. ఆ రోజు ఆరు మ్యాచ్‌లు. నాలుగో మ్యాచ్‌లో ఎదుటి రోబో మమ్మల్ని పక్క నుంచి గుద్దింది. వెనక ఎడమ చక్రంలో రెండు రోలర్లు విరిగాయి. పిట్‌కి వచ్చేసరికి తర్వాతి మ్యాచ్‌కి పిలుపు రావడానికి పదిహేను నిమిషాలుంది. ఎవరూ అరవలేదు. ఒకరు రోబోని ఒరిగించి పట్టుకున్నారు, నేను స్క్రూలు తీశాను, పళ్లెంలో నాలుగూ టంగున పడ్డాయి, కొత్త చక్రం ఎక్కింది. రోలర్ల వాలు పైనుంచి ఒకసారి చూసుకున్నాం. ఐదు నిమిషాలు పట్టింది, ప్రాక్టీసు కంటే ఒక నిమిషం ఎక్కువ, చేతులు వణికినందుకు. మిగిలిన పది నిమిషాలు క్యూలో నిలబడి నీళ్లు తాగాం. చేతి జట్టు అమ్మాయి నా భుజం తట్టి, "నా చేయి ముట్టుకోనేలేదు" అంది.

ఫైనల్స్‌కి వెళ్లలేదు. ఆరు మ్యాచ్‌ల్లో మూడు గెలిచాం. ఆరింటిలోనూ చివరి సెకను దాకా రోబో కదిలింది.

సాయంత్రం సర్దుకునేటప్పుడు అలవాటు కొద్దీ టార్చి వేసి చూశాను. మూడు గీతలు తిన్నగా ఉన్నాయి. వెనక ఎడమ దాంట్లో, గుద్దుడు తగిలిన చోట, గీత కొంచెం విరిగి ఉంది. ఇంకా మ్యాచ్‌లు లేవు, పెట్టెలో పెట్టేస్తే సరిపోతుంది. నాతో బేస్ కట్టిన ఇద్దరూ అప్పటికే అలెన్ కీ తీశారు. హబ్ వదులు చేసి, తుడిచి, మళ్లీ బిగించి, పాత గీత చెరిపి కొత్త గీత గీసి పెట్టెలో పెట్టాం.